కష్టపడితే చాలునా?

విజయదశమి వస్తోందంటే మన ఆలయంలో అక్షరాభ్యాసాలకు పేర్లు నమోదు మొదలవుతుంది. పలకా బలపం పట్టుకుని కూర్చున్న పసివాళ్ళందరినీ సరస్వతీదేవి ఒకేలా చూస్తుంది. మండపం దాటి బయటికి వచ్చాక లోకం కూడా అలాగే చూస్తుందా అన్నది ఈ పండుగ పూట ఆలోచించదగిన ప్రశ్న.

"కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు" అని పిల్లలకు చెబుతూ ఉంటాం. అందులో నిజం ఉంది, కాని అదే పూర్తి నిజం కాదు. మన పురాణాలే చూడండి. శ్రీకృష్ణుడు, కుచేలుడు సాందీపని దగ్గర కలిసి చదువుకున్నారు. గురువు ఒకరే, పాఠం ఒకటే. ఒకరు ద్వారకాధీశుడు, మరొకరి ఇంట్లో పిల్లలకు తిండి లేదు. ద్రుపదుడు, ద్రోణుడు కూడా సహాధ్యాయులే. ద్రోణుడి విద్యలో లోపమేమీ లేదు. అయినా కొడుకుకు పాలు పోయడానికి ఇంట్లో ఆవు లేదు. కుచేలుడి కథను మనం భక్తి కోసం చెప్పుకుంటాం, మంచిదే. చదువు ఒక్కటే దారిద్ర్యం తీర్చదన్న సంగతి కూడా అందులో ఉంది.

ఇక మన సంగతి. "మా నాన్నగారు రెండెకరాలు అమ్మి నన్ను ఇంజనీరింగ్ చదివించారు" అని మనలో చాలామంది గర్వంగా చెప్పుకుంటారు. ఆ త్యాగం చిన్నది కాదు. అయితే అమ్మడానికి రెండెకరాలు ఉన్నాయి కదా! అదే పొలంలోకి కూలికి వచ్చినవాళ్ళ అబ్బాయి లెక్కల్లో మనకన్నా చురుకైనవాడే అయి ఉండవచ్చు. వాళ్ళ నాన్న ఏం అమ్మాలి?

అమెరికాలో ఇదే ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఇక్కడ ప్రభుత్వ బడుల డబ్బులో పెద్ద భాగం స్థానికంగా వసూలయ్యే ఇంటి పన్నులదే. ఇల్లు కొనేముందు మనం చూసేది స్కూల్ రేటింగే. ఆ రేటింగుకు తగిన ధర పెట్టగలిగినవారి పిల్లలే అక్కడ చదువుతారు. ఐవీ లీగ్, ఆ స్థాయి కాలేజీల గురించి రాజ్ చెట్టి బృందం 2017లో ఒక పరిశోధన ప్రచురించింది. ఆదాయంలో అట్టడుగున ఉన్న 20 శాతం కుటుంబాల పిల్లలకన్నా, పైన ఉన్న ఒక్క శాతం కుటుంబాల పిల్లలు వాటిలో చేరే అవకాశం 77 రెట్లు ఎక్కువట. తెలివితేటల్లో అంత తేడా ఉంటుందని ఎవరూ అనరు.

మరి మన పిల్లలకు మంచి బడి వద్దా? ఎందుకు వద్దు, అది తల్లిదండ్రుల ధర్మం. మానుకోవలసింది వేరే ఉంది. భోజనాల దగ్గర "వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదండీ" అని తేలిగ్గా అనేస్తాం. పిల్లలు వింటారు. అది అన్యాయమైన మాట.

అవకాశం దొరికితే ఏమవుతుందో మన నేల మీదే చూశాం. పల్లెటూరి పేద పిల్లలకు వసతి, భోజనం, చదువు ఒకేచోట ఇవ్వాలని 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. తర్వాత అలాంటివి ఎన్నో వచ్చాయి. 2014లో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని.

సొంత ఊరికి వెళ్ళినప్పుడు గుడికి విరాళం ఇస్తాం, బడికి బెంచీలు కొనిస్తాం. అవీ కావలసినవే. కాని చాలాచోట్ల చదువు ఆగేది పదో తరగతి అయ్యాక. జూనియర్ కాలేజీ పట్నంలో ఉంటుంది, హాస్టలు ఖర్చు ఇంటివాళ్ళు భరించలేరు. ఈసారి వెళ్ళినప్పుడు హెడ్మాస్టరుగారిని అలాంటి పిల్లల పేర్లు అడిగి చూడండి.