పసిచేతి పిండివంట

సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కోరినపుడు మేము కొంత తటపటాయించితిమి. శాసనములను గూర్చియు, ప్రబంధములను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. మేము పదవ తరగతితో బడి విడిచి, ముప్పది నాలుగేండ్లు గుమాస్తా కొలువు చేసి, ఇప్పుడు షోలాపురములో మనుమరాలిని ఆడించుచు ప్రొద్దు పుచ్చుచున్నవారము. మాకు బాగుగా తెలిసిన లోకము వంటయింటి గడపతో ముగియును. కావున ఆ గడపమీదనే కూర్చుండి, అచ్చట మాకు కలిగిన ధర్మసందేహమొకటి పాఠకుల యెదుట పెట్టుచున్నాము. పసిబిడ్డలను చెంత కూర్చుండబెట్టుకొని వింత వింత ఆకారములుగల తినుబండారములు చేయుట ఈ దినములలో ఒక ముచ్చటగా మారినది. ఆ బిడ్డ చేసినది వంటయా, ఆటయా? ఆటయే అయినచో, అందులో పెద్దలు అబద్ధమాడవచ్చునా?

మా ఇంట ఈ ప్రసంగము ఒక రొట్టెముక్కతో మొదలైనది. మా కోడలు సెల్‌ఫోనులో చూచి, డబల్ రొట్టెను ఎలుగుబంటి మొగమువలె కోసి, అరటిపండు చక్రములను చెవులుగాను, ఎండుద్రాక్షలను కన్నులుగాను అమర్చి, ఫోటో తీసి, పిమ్మట బిడ్డ ముందు పెట్టెను. బిడ్డ ఎలుగుబంటి కన్నులు రెండును తిని, తక్కినదానిని విడిచి లేచిపోయెను. మాకు కష్టముగా తోచెను. మా తండ్రిగారు మగ్గము ముందర నిలువుకాళ్ళపై నిలిచి సంపాదించినవారు. నేల పడిన మెతుకును కన్నుల కద్దుకొని తినుమని నేర్పిన ఇల్లు మాది. తైత్తిరీయోపనిషత్తులో భృగువల్లి అన్నమును నిందింపరాదని, త్రోసిపుచ్చరాదని చెప్పుచున్నదని పురాణకాలక్షేపములలో వినియున్నాము. "అన్నముతో ఆటలేమి!" యని గొణిగితిమి.

మా శ్రీమతి వినెను. "బతుకమ్మకు మనం వేపకాయలు చేస్తం కద, అవి ఆటలు కాదా?" అనెను.

మేము నోరు మూసికొంటిమి.

తెలంగాణమునుండి నేతపనికై ఈ నగరమునకు వలసవచ్చిన కుటుంబములు తమవెంట బతుకమ్మను కూడ తెచ్చుకొన్నవి. యానాములోను, అరవదేశములోను ఉన్న మన సోదరులకు ఈ పండుగ వివరములు అంతగా తెలియకపోవచ్చును గనుక కొంచెము చెప్పెదము. భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు పూలను పేర్చి ఆడుదురు. మొదటి దినము ఎంగిలిపూల బతుకమ్మ. అటుపిమ్మట దినములకు నైవేద్యముల పేర్లే పేర్లు: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు. ఆరవ దినమున బతుకమ్మ అలుగును. ఆనాడు నైవేద్యమే లేదు. ఏడవనాడు వేపకాయలు. అనగా చేదుకాయలు కావు. బియ్యపుపిండిని వేపకాయల ఆకారమున చేసి నూనెలో వేయింతురు. ఎనిమిదవనాడు వెన్నముద్దలు, తొమ్మిదవనాడు సద్దులు. పిండిని కాయగా చేసి తినుట ఎలుగుబంటి రొట్టెకు ఏ విధముగ భిన్నము? తల్లి నలుగుపిండితో బొమ్మ చేయగా పుట్టినవాడని మనము వినాయకుని కథ చెప్పుకొందుము. ఇచ్చటి మరాఠీవారు శ్రావణ అమావాస్యనాడు పోళా పండుగ చేసి, పిల్లలకు మట్టియెడ్లను ఇత్తురు. లక్కపిడతలలో చిటికెడు బెల్లము, నాలుగు అటుకులు వేసి ఆడుకొను బువ్వాలాట మన భాషలో ఎన్నడో పుట్టినమాట. అన్నముతో ఆడరాదని శాసించిన పెద్దలే ఈ ఆటలన్నియు కల్పించిరి. చివరకు తినుటతో ముగియు ఆట అన్నమునకు అవమానము కాదని మేము ఒప్పుకొంటిమి. ఫోటోకొరకు చేసి చెత్తబుట్ట పాలుచేయుట మాత్రము నేటికిని మాకు సమ్మతము కాదు.

అట్లు ఒప్పుకొన్నందున, గడచిన బతుకమ్మకు ఏడవనాటి పిండి ముందర మనుమరాలిని కూర్చుండబెట్టుటకు మేమే పూనుకొంటిమి. అప్పటికి దానికి రెండేండ్ల తొమ్మిది నెలలు. నీటిలో ఉప్పు, నువ్వులు, కొంచెము వెన్న వేసి మరిగించి, పిండి పోసి మా శ్రీమతి కలిపెను. వేడి తగ్గిన పిదప బిడ్డకు నిమ్మకాయంత ముద్ద ఇచ్చెను. పొయ్యికిని బిడ్డకును నడుమ మేము పీట వేసికొని కూర్చుంటిమి. ఆ పని మాత్రము ముసలివారు చక్కగా చేయగలరు. పచ్చిపిండి నోట పెట్టుకొనకుండ చూచుట కూడ మా వంతే. అందులో మేము పూర్తిగా గెలువలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మా మనుమరాలు వెళ్ళు బాలవాడిలో మాటలన్నియు మరాఠీ. పిండిని అది 'పీఠ్' అనును. ఆనాడు గడియసేపటిలో పిసుకు, ఒత్తు, చిదుము, గుండ్రముగా చుట్టు, దులుపు అను మాటలన్నియు దాని వ్రేళ్ళలోనికి వచ్చినవి. మేము అంతకు ముందు ఆరు నెలలు బొమ్మల పుస్తకము చూపి 'పిండి' యని పలికించుటకు పడిన పాటు వృథా. క్రియాపదమును పుస్తకమునుండి నేర్చుకొనుట కష్టము కాబోలు. ఈ సంగతి ప్రత్యేక వ్యాసమునకు తగినది. మరల ఎప్పుడైన వ్రాసెదము.

బిడ్డ వేపకాయలు చేసెను. ఒకటి గోలీవలె, ఒకటి బల్లివలె, ఒకటి బొటనవ్రేలు ముద్ర పడి గవ్వవలె ఉండెను. మొత్తము పదునొకండు. తన లెక్కప్రకారము ఒకటి, రెండు, అయిదు. వానిని వేరుగా పళ్ళెములో పెట్టి, చేతులు కడిగించుకొనుటకు వెడలిపోయెను.

వానిని మేము నూనెలో వేయనీయలేదు. బియ్యపుపిండి మందముగా ఉండి, పొరలమధ్య గాలి చిక్కుకొన్నయెడల నూనెలో ఆవిరి పట్టి ఠప్పున ప్రేలును. మా మేనత్త చేతిపై అట్టి మచ్చ కడవరకు ఉండెను. ఈ కారణము నిజమైనదే. కాని ఇదొక్కటే కారణమని చెప్పినచో ఈ వ్యాసము వ్రాయుటలో అర్థము లేదు. ఆ సాయంకాలము నలుగురు ఆడవారు వచ్చెదరు, తాంబాళములో బల్లి ఆకారము కనబడునని మాకు సిగ్గు కలిగెను. పైగా బిడ్డ నడుమ నడుమ వ్రేళ్ళు నాకినది, ఎంగిలి యని శంకించితిమి. ఎంగిలి యను మాటనే మొదటి దినమునకు పేరుగా పెట్టుకొన్న పండుగలో ఆ శంక ఏల కలిగెనో! పదునొకండింటిని తీసికొనిపోయి పిట్టగోడమీద పిచ్చుకలకు వేసితిమి.

సాయంకాలము తాంబాళము కదలినపుడు బిడ్డ తొంగిచూచెను. "నావి యాడ, తాతా?" అనెను.

"బతుకమ్మ తిన్నది బిడ్డా! అన్నిటికన్న ముందు నీవే తిన్నది" అంటిమి. అందరును నవ్విరి. బిడ్డ కన్నులు ఇంతలై మెరసెను. మేము చాల చక్కని మాట ఆడితిమని ఆ క్షణమున గర్వించితిమి.

మరునాడు వెన్నముద్దలు. నువ్వులు, బెల్లము, వెన్న కలిపి చేసిన ముద్దనొకటి బిడ్డ చేతికిచ్చితిమి. అది తినలేదు. దేవుని గూటి ముందు పెట్టి, ఎదురుగా చతికిలబడెను. "తిను బిడ్డా" అని బాపమ్మ పిలువగా, "బతుకమ్మ తింటది, చూస్తా" అనెను. నిన్న తాను లేనప్పుడు తినిపోయినది గదా! ఈనాడు కన్నులార చూడవలెనని దాని పట్టుదల. దీపము కొండెక్కువరకు కూర్చుండెను. చేతికంటిన బెల్లమునకు చీమలు వచ్చిన, దులుపుకొని మరల కూర్చుండెను. కడకు కూర్చున్నచోటనే నిద్రలోనికి ఒరిగెను.

మా శ్రీమతి బిడ్డను ఎత్తుకొనుచు, "ఇప్పుడు ఆ ముద్దను ఎవరు తినాలె? మీరా?" అనెను. ఆమె కంఠములో కోపము లేదు. కాని మేము తిన్నచో రెండవ అబద్ధమగును. తినక విడిచినచో బతుకమ్మ ఈ బిడ్డను తిరస్కరించినట్లగును.

ఆ రాత్రి మాకు మా కొలువు నాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చెను. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక చిక్కు వ్యవహారమును గూర్చి మూడు దినములు శ్రమపడి ఒక నివేదిక వ్రాసితిమి. పైవారు చూచి, "దొరగారు మెచ్చుకొని యథాతథముగ పంపిరి" అని చెప్పిరి. మేము రెండేండ్లు ఆ మాటతో బ్రతికితిమి. పిమ్మట పాత ఫైలు తిరుగవేయగా, అందు వేరొకరు వ్రాసిన నివేదిక కనబడెను. మాది జాడలేదు. నివేదిక బాగులేదని ఆనాడే చెప్పియున్నచో సరిదిద్దుకొనియుందుము. మాకు వ్రాత నేర్చుకొను అవకాశము రెండేండ్లు వెనుకబడెను. మమ్ము సంతోషపెట్టుటకే వారట్లు చెప్పిరని ఎరుగుదుము. అయినను ఆ సంతోషమును తలచుకొన్నప్పుడెల్ల నేటికిని మొగము వేడెక్కును. మా మనుమరాలికి మేము చేసినది అదియే కదా!

పసివారికి పని అక్కరలేదు, ఆటచాలునని మనము తలంతుము. శిశువిద్యను గూర్చి ఆలోచించినవారు అట్లు తలపలేదు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిసోరి, బిడ్డలకు నీళ్ళు పోయుట, తుడుచుట, కడుగుట మొదలైన నిజమైన పనులను, వారి చేతికి అమరు పాత్రలతో చేయించవలెనని బోధించెను. మన మహారాష్ట్రమున తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామమున బాలవాడి స్థాపించి, అటుపిమ్మట కోస్బాడ్‌లో అనుతాయి వాఘ్‌తో కలిసి ఆదివాసి బిడ్డలకు ఆకులు, మట్టి, గింజలతో చదువు చెప్పెను. ఆమె ఇంటిపేరును వినాయకుని పిండివంట పేరును ఇంచుమించు ఒకేవిధముగ వినబడుట మాకు ముచ్చటగా తోచును. ఈ పెద్దలు బిడ్డ చేతిపనిని పనిగానే ఎంచిరి. పనిగా ఎంచినచో దానికి రెండు ఋణములు పుట్టును. అది పనికివచ్చినచో వాడవలెను. పనికిరానిచో పనికిరాదని చెప్పవలెను. మేము ఆ రెంటిలో ఏదియు చేయక, మెప్పు మాత్రము ఇచ్చి చేతులు దులుపుకొంటిమి.

కొందరు, రెండేండ్ల బిడ్డకు సత్యాసత్యముల పట్టింపేమి, దేవుని పేర చెప్పిన చిన్నమాట దోషమా యని యందురు. చందమామను పిలుచుట, బూచివానిని చూపుట మన ఇండ్లలో ఉన్నవే. మేము వానిని తప్పుపట్టుట లేదు. చందమామ రాలేదని బిడ్డకు కనబడుచునే యుండును. అందులో ఇరువురును ఆటగాండ్రే. కాని తాను చేసిన వస్తువు ఏమైనదని అడిగిన బిడ్డ ఆడుకొనుటలేదు. లెక్క అడుగుచున్నది. గుమాస్తా పని చేసినవానికి ఈ భేదము అంత ఆలస్యముగ తట్టుట మాకే వింతగా నున్నది.

తెల్లవారినది. బిడ్డ లేచి తిన్నగా గూటియొద్దకు పోయెను. ముద్ద అట్లే యుండెను. మేము ప్రక్కన కూర్చుండి, "బిడ్డా! నీ వేపకాయలను బతుకమ్మ తినలేదు. నూనెల పేల్తయని తాతనే తీసిండు. పిట్టలకేసిండు" అని చెప్పితిమి. ఏడ్చునని, మొగము త్రిప్పుకొనునని భయపడి సిద్ధముగా ఉంటిమి. బిడ్డ కొంతసేపు మమ్ము చూచెను.

"పిట్టలు తిన్నయా?" అనెను.

"తిన్నయి."

"అన్నీ?"

బల్లివంటిదానిని ఉడుత ఎత్తుకొనిపోయెనని చెప్పితిమి. అది నిజమే. బిడ్డ పిట్టగోడ వైపు పరుగెత్తెను. చాలసేపు అచ్చటనుండి రాలేదు. వెన్నముద్దను కూడ పిట్టలకే పెట్టుమనెను. అది దాని సొత్తు గనుక మేము మారు పలుకక పెట్టితిమి.

ఆనాడు సద్దుల బతుకమ్మ. మా ఇంట సద్దులతోపాటు మలీద ముద్దలు చేయుదురు. రొట్టెలను నలిపి, బెల్లము, నెయ్యి కలిపి ఉండలు కట్టుటే గనుక నూనెబాణలి ప్రసక్తి లేదు. ఈ మారు బిడ్డచేతులు ముందుగానే కడిగించితిమి. నోటిలో వ్రేలు పెట్టుకొన్నప్పుడెల్ల మరల కడిగించితిమి. ఆరుమార్లు అయినది. బిడ్డ కట్టిన ఉండలు బొటాబొటిగా నిలిచినవి. ఒకటి రెండు విడిపోగా, "ఇది నిలబడలేదు బిడ్డా, ఇంకొంచెం గట్టిగ ఒత్తు" అని బాపమ్మ చెప్పెను. బిడ్డ నాలుక కొరుకుకొని ఒత్తెను. తాంబాళములో వానిని వేరుగా పెట్టక, తక్కినవానితోనే కలిపితిమి.

చెరువుగట్టున పాట ముగిసిన పిదప ప్రసాదము పంచిరి. ప్రక్కయింటి మరాఠీ తల్లి చేతికి బిడ్డ కట్టిన ముద్దయే వచ్చెను. అది ఆమె అరచేతిలో పొడిపొడియై రాలెను. ఎవరు చేసిరని ఆమె నవ్వుచు అడుగగా, బిడ్డ బాపమ్మ చీరకుచ్చెళ్ళ చాటునుండి, "నేను" అనెను. ఆమె ఆ పొడినంతయు రెండవచేతితో కూడదీసికొని నోట వేసికొనెను. మా వంతుకు వచ్చినది కూడ బిడ్డదే కాబోలు. నలుగని బెల్లపుగడ్డ యొకటి పంటికి తగిలెను.