ఛాయాచిత్రకళ – విద్యాదానము

విద్య ధనమని మనవారందురు. ధనమే యైనచో దానిని దాచుకొనుట దోషమా? కష్టపడి సంపాదించినవాడు తన సొమ్మును పెట్టెలో పెట్టి తాళము వేసికొన్నచో లోకము లోభి యనవచ్చును గాని దొంగ యనదు. మరి కష్టపడి నేర్చినవాడు తన విద్యను మర్మముగా నుంచుకొన్నచో ఏమనవలెను? ఈ ప్రశ్న పండితులకే గాక, సెలవుదినములలో కెమేరా భుజమునకు తగిలించుకొని తిరుగు మావంటి సామాన్యులకును ఎదురగుచున్నది. మేము ఛాయాచిత్రకళను వృత్తిగా గాక వేడుకగా నేర్చినవారము. నేర్చినంత మన పిల్లలకు నేర్పుచున్నవారము. ఆ అనుభవము నాధారముగా జేసికొని ఈ ప్రశ్నను విచారింపదలచితిమి.

ఈ వివాదము ఈ కళతోనే పుట్టినది. 1839 ఆగస్టు 19వ తేదీన ఫ్రెంచి ప్రభుత్వము పారిస్ నగరమున డాగేర్ విధానమును బహిరంగముగా ప్రకటింపజేసి, ఆయనకు భరణమేర్పరచి, ఆ విద్యను లోకమునకు విడిచిపెట్టెను. అయినను అంతకు కొలది దినములకు ముందే ఇంగ్లండులో దానికి పేటెంటు తీసికొనబడి యుండెను. టాల్బట్ దొర కాగితముపై ప్రతిబింబమును నిలుపు తన పద్ధతికి 1841లో పేటెంటు పొందెను. 1852లో దానిని సడలించి వేడుకకాండ్రకు విడిచెను గాని, మనుష్యుల రూపచిత్రములు తీసి జీవించు వృత్తివారికి మాత్రము విడువలేదు. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను శిల్పి 1851లో కలోడియన్ తడిపలక విధానమును పత్రికలో ప్రకటించి, పేటెంటు కోరక, అందరికి నిచ్చివేసెను. అటుపిమ్మట చాలకాలము లోకమంతట ఆ విధానమే నడచినది. ఆర్చర్ మాత్రము 1857లో బీదవాడుగనే మరణించెను. ఇచ్చినవాడు లోకమును గెలిచెను గాని ఇల్లు గెలువలేదు. కనుక దానము మంచిదని ఒక్క మాటతో తేల్చివేయుట న్యాయము కాదు.

మన దక్షిణదేశమునకు ఈ విద్య బోధన ద్వారముననే వచ్చినది. డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో మదరాసున నెలకొల్పిన చిత్రకళాశాలలో ఛాయాచిత్రకళయు నేర్పబడెను. 1858లో లినియస్ ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయపు గోడ అడుగుభాగమున చెక్కిన శాసనములను 21 చిత్రములుగా తీసి, వానిని ఒక్కటిగా అతికించెను. రాతిని కదల్పకయే దానిపై అక్షరమును దూరదేశమునకు చేర్చిన పని యది. రాజా దీన్ దయాళ్ (1844–1905) ఇండోరులో ప్రభుత్వోద్యోగము చేయుచు ఈ కళను వేడుకగా చేపట్టి, తరువాత ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1892లో పరదా పాటించు స్త్రీలకై హైదరాబాదున ప్రత్యేకముగా స్టూడియో తెరిపించెను. వేడుకకును వృత్తికిని నడుమ గోడ లేదనుట కీయన జీవితమే సాక్ష్యము.

మాకు గురువైనవారు మదరాసులోని ఒక వీధిలో చిన్న స్టూడియో నడుపుకొను పెద్దమనిషి. మొదటి నెల ఆయన మా చేతికి కెమేరా నీయలేదు. వసారాలో కూర్చుండబెట్టి, ఉదయము స్తంభపు నీడ ఎటు పడినది, మధ్యాహ్నమునకు మనుష్యుని కన్నులక్రింద నలుపు ఎట్లు దిగినది, మబ్బు పట్టినపుడు అదే ముఖము ఎట్లు మెత్తనైనది, చూచి చెప్పుమనెడివారు. తరువాత 120 ఫిల్ము చుట్టనిచ్చి, అందు 12 పటములే పట్టునని జ్ఞాపకముచేసిరి. లెన్సు ద్వారమును 8వ అంకెనుండి 11వ అంకెకు మార్చిన వెలుగు సగమగునని, అపుడు షటరు రెట్టింపు కాలము తెరచియుండవలెనని మా చేతనే లెక్క కట్టించిరి. ఇంత నేర్పినవారు, చీకటిగదిలో డెవలపరు పొడులు తూచునపుడు మాత్రము మావైపు వీపు త్రిప్పెడివారు!

దాని విశేషము మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆయన దాచినది పుస్తకములలో అచ్చుపడి యున్న యోగమే: లీటరు నీటికి మెటోలు 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోను 5, బోరాక్సు 2. ఆయన ధారాళముగా పంచిపెట్టిన చూపు ఏ పుస్తకములోను లేదు. అయినను ఆ పెద్దమనిషిని లోభి యనుటకు మాకు నోరు రాదు. ఆ తూకములో ఆయన యింటి యన్నము ఉన్నదని ఆయన నమ్మకము. నేడు డిజిటల్ కెమేరాలు వచ్చి ఆ పొడుల యవసరమును దాదాపు తుడిచివేసినవి. ఆయన మర్మము నిరర్థకమైనది. ఆయన చూపు మాత్రము మా శిష్యుల కన్నులలో నేటికిని పనిచేయుచున్నది.

ఇందు మాకు తోచిన ధర్మమిది. విద్య వేరు, పని వేరు. విద్యను పంచిన తరుగదు. ఒకరికి చెప్పినందువలన మా లెక్క మేము మరువము, పైగా చెప్పుటలో మాకే స్పష్టమగును. పని యట్లు గాదు. ఒక పెండ్లికి మేము ఉచితముగా పటములు తీసితిమా, ఆ దినము ఒక స్టూడియోవాని కూలి పోయినదే. చేతిలో జీతమున్నవాడు చేయు దానము లేనివాని నోటికడి కాకూడదు. అందుచేత మేము అడిగినవారికెల్ల విద్య చెప్పుదుము. పెండ్లి పిలుపు వచ్చినపుడు వృత్తివానిని చూపుదుము.

మరి మన విషయమునకు వత్తము. తరతరములుగా ఈ నేలపై స్థిరపడిన మన యిండ్లలో ఇనుపపెట్టెల యడుగున పాత పటములున్నవి. వాని వెనుక తెలుగున వ్రాసిన పేర్లున్నవి. మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చాలమంది చదువలేరు. ఒక యింట మా శిష్యుడొకడు పటమును త్రిప్పి, “అవ్వా, ఇది ఎవరు రాసింది?” అనగా, ఆమె, “మా అత్త రాసింది నాయనా. నువ్వే చదివి చెప్పు, నాకు కండ్లు ఆనవు” అనెను. వాడు చదువలేక తల వంచుకొనెను. మరునెలకు ఓనమాలు దిద్దుటకు తానే వచ్చెను. కెమేరా నేర్ప బోయిన మేము అక్షరము నేర్పితిమి.

అట్టి పటములకు నకలు తీయుట కష్టము కాదు. పటమును కిటికీ ప్రక్క బల్లపై పరచి, నేరుగా ఎండ తగులనీయక, ఫ్లాషు వాడక, కెమేరాను పటమునకు సమముగా నిలిపి తీయవలెను. ముందుభాగమే గాక వెనుకవ్రాతను కూడ తీయవలెను. పెద్దలు బ్రదికియుండగనే పేర్లడిగి వ్రాసికొనవలెను. అసలు పటమును ఆ యింటివారికే తిరిగి యీయవలెను. నకలును కూడ వారి సమ్మతి లేక నలుగురికి చూపరాదు. వెలుగు మన కెమేరాలో పడినంతమాత్రమున ముఖము మనది కాదు.

కాబట్టి ధనమును దాచుకొనువానికి లోకము వేసిన కొలత విద్యకు చాలదు. దాచిన ధనము వారసునికైనను దక్కును; దాచిన విద్య దాచినవానితోనే కాటికి పోవును. పెద్ద జనసమూహములో ఒకరు దాచిన మరియొకరు చెప్పుదురు. కొలదిమందిమైన మనలో ఒకరు దాచిన, అది అంతటితో సరి. కనుక మనలో నెవరికి ఏ చిన్న విద్య వచ్చినను, ఒకరి కూలి చెడకుండ, ఒకరి మానము చెడకుండ, దానిని తరువాతివారి చేతిలో నుంచుట దానము గాదు, ఋణము తీర్చుకొనుటయే యని మా విన్నపము.