పిన్ని కూతురు అడిగిన రెండు లక్షలు

పిన్ని కూతురు పచ్చళ్ల వ్యాపారం పెడుతోంది. రెండు లక్షలు సర్దమని అడిగింది. ఇలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే ప్రశ్న, ఆ డబ్బు తిరిగొస్తుందా అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇచ్చేవారు ఏ బుద్ధితో ఇస్తున్నారు? దానంగానా, అప్పుగానా, పొత్తుగానా? మూడింటికీ మూడు వేర్వేరు ధర్మాలున్నాయి. డబ్బు పోయినా చుట్టరికం నిలిచిన ఇళ్లున్నాయి. ఇచ్చినవారు అప్పనుకుని, పుచ్చుకున్నవారు సాయమనుకున్న చోట మాత్రం అది నిలవడం కష్టం.

అయినవాళ్ల దగ్గర కాగితం రాయించుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. ధర్మశాస్త్రానికి ఆ మొహమాటం లేదు. వేరుపడని అన్నదమ్ముల మధ్య, భార్యాభర్తల మధ్య, తండ్రీకొడుకుల మధ్య అప్పూ జామీనూ సాక్ష్యమూ ఉండవని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. ఆస్తి ఉమ్మడిగా ఉన్నప్పుడు ఎవరు ఎవరికి బాకీ? వేరుపడ్డాక మాత్రం ఎవరి లెక్క వారిదే. కలిసి వ్యాపారం చేసేవారు లాభనష్టాలను పెట్టుబడిని బట్టి గానీ, ముందుగా చేసుకున్న ఒప్పందాన్ని బట్టి గానీ పంచుకోవాలని అదే స్మృతి అంటుంది. దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

కుచేలుడి కథ గుర్తుచేసేవారూ ఉంటారు. అటుకుల మూటతో వచ్చిన స్నేహితుడికి కృష్ణుడు అడక్కుండానే సంపద ఇచ్చాడు, లెక్క అడగలేదు. అది దానం. భగవద్గీత 17వ అధ్యాయం సాత్త్విక దానానికి కఠినమైన షరతే పెట్టింది. తిరిగి ఉపకారం చేయలేనివారికి, ఇవ్వడం కర్తవ్యమన్న భావంతో ఇవ్వాలి. ప్రతిఫలం ఆశిస్తే అది రాజసం. సాయమని చెప్పి ఇచ్చి, పండక్కి కలిసినప్పుడల్లా అమ్మకాల గురించి ఆరా తీసేవారు ఈ పరీక్షలో నెగ్గరు. లాభంలో వాటా కోరుకోవడంలో తప్పులేదు. కోరుకుంటూనే దానమని చెప్పుకోవడం తప్పు.

వ్యాపారం స్వభావం కూడా చూడాలి. కర్రీ పాయింట్‌కి ఏ రోజు డబ్బు ఆ రోజే వస్తుంది, మిగిలిన కూర మర్నాటికి పనికిరాదు. ఆవకాయ అలా కాదు. మామిడికాయలు, కారం, ఆవపిండి, నూనె, జాడీలు... ఖర్చంతా వేసవిలోనే పడుతుంది. రాబడి మాత్రం ఏడాది పొడవునా సీసా సీసాగా వస్తుంది. అలాంటి వ్యాపారానికి నెలనెలా వడ్డీ కట్టాల్సిన అప్పు ఇస్తే, జాడీలోని ఊట తేరేలోపే మాట పడాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ పొత్తే న్యాయం.

ఇస్లామీయ ధర్మశాస్త్రం చెప్పే ముదారబా ఈ చోట ఎంతో ఉపయోగపడుతుంది. సొమ్ము ఒకరిది, శ్రమ మరొకరిది. లాభాన్ని ముందే అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. మోసమో నిర్లక్ష్యమో లేకుండా నష్టం వస్తే అది సొమ్ము పెట్టినవారిదే, ఎందుకంటే రెండోవారి కష్టం అప్పటికే వృథా అయింది. తెల్లవారకముందే లేచి ముక్కలు కొట్టించిన మనిషి ఏమీ పోగొట్టుకోలేదని అనడానికి ఈ పద్ధతి ఒప్పుకోదు. అప్పును రాతలో పెట్టమన్న ఖురాన్, బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే గడువివ్వమని కూడా చెప్పింది. రెండో అధ్యాయంలో 280, 282 వాక్యాలవి, దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. రాసుకోవడమూ కనికరించడమూ ఒకే మనిషి చేయదగిన పనులే.

ఇక ఎంత ఇవ్వాలి? సొంత సొమ్మునైనా కుటుంబానికి ఇబ్బంది కలగనంత వరకే ఇవ్వమన్నాడు యాజ్ఞవల్క్యుడు. తల్లి ఆపరేషన్‌కో పిల్లల ఫీజుకో దాచిన డబ్బు అందులోకి రాదు. రెండు లక్షలు కుదరకపోతే యాభై వేలే ఇస్తామని, నష్టం వచ్చినా అడగబోమని మొదటి రోజే చెప్పవచ్చు. అదీ వీలుకాకపోతే ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ దరఖాస్తు నింపిపెట్టవచ్చు, వారానికోసారి కూర్చుని జమాఖర్చుల పుస్తకం రాసిపెట్టవచ్చు, ఇంటికి కావలసిన పచ్చడి పూర్తి ధరకు కొనవచ్చు.