మిగిల్చినది ఎవరిది?

గృహస్థుని దినచర్యను పాంచరాత్రాగమము అయిదు కాలములుగా విభజించినది. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధి చేరి ప్రార్థించుట అభిగమనము. పిదప ఆరాధనకు వలయు ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. మధ్యాహ్నమున అర్చించుట ఇజ్య. ఆపైని శాస్త్రపఠనము స్వాధ్యాయము. రాత్రి భగవద్ధ్యానమున మనస్సును నిలుపుట యోగము. శ్రీ వేదాంతదేశికులు తమ పాంచరాత్రరక్షయందు ఈ పంచకాలప్రక్రియను విపులముగ విచారించియున్నారు.

ఈ అయిదింటిలో ఉపాదానమును మనము సామాన్యముగ తక్కువగా తలంతుము. అర్చన గొప్పది, ధ్యానము గొప్పది. ప్రత్తి తెచ్చుట, పసుపు దంచుట, వత్తులు చేయుట ఏపాటి పనులని మన భావము. పెద్దలు అట్లు భావింపలేదు. పూవులు కోయు ఘడియయు ఆరాధనలోని భాగమేయని వారి నిర్ణయము. కావుననే మన పూర్వుల ఇండ్లలో పూజాద్రవ్యములును, గృహోపయోగ వస్తువులును చాలవరకు ఇంటనే సిద్ధమయ్యెడివి.

నేడు ధరల భారముచే పలు కుటుంబములు మరల ఆ దారి పట్టుచున్నవి. సంతోషింపదగిన విషయమే. ఇంట చేసికొనుటవలన ధనము మిగులును. అయితే ఆ మిగిలిన ధనము ఎవరిది? మితవ్యయము ఎచ్చట ముగిసి లోభము ఎచ్చట మొదలగును? ఈ విషయమును కొంచెము విచారింతము.

మొదట ఇంట సాధ్యమగు వానిని చూతము. తలంటునకు కుంకుడుకాయల పులుసు, సీకాయ పొడి. ఒంటికి పెసలును పసుపును కలిపి విసరిన సున్నిపిండి. ఇవి ఏ తల్లియైనను సులభముగ చేయగలవి. పూజాపాత్రలు తోముటకు చింతపండు చాలును. అందలి పులుపు ఇత్తడిపై పట్టిన చిలుమును కరగించి మెఱుగు తెచ్చును. వాడి వదలిన నిమ్మచెక్కయు ఆ పనియే చేయును. పసుపు సున్నముతో కూడిన ఎఱ్ఱబడునని పారాణి కలుపు ప్రతి ఇల్లాలికిని తెలియును. సాయంకాలము నాలుగు నామములు చెప్పుకొనుచు చేసిన వత్తులు నెలకు సరిపోవును. స్వామికి అర్పించి తీసిన పూవులను నీడన ఆరబెట్టి, సాంబ్రాణితో చేర్చి ధూపమునకు వాడుకొనవచ్చును. ఆలయములును ఈ మార్గము ననుసరించుచున్నవి. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానము వారు తమ ఆలయములలో వినియోగించిన పుష్పములతో అగరువత్తులు చేయించి భక్తులకు అందుబాటులోనికి తెచ్చిరి.

ఇంట చేసినదంతయు మేలైనదేయను భ్రమయు కూడదు. పసిపిల్లల కన్నులకు ఇంటి కాటుకయైనను పెట్టవలదని వైద్యులు చెప్పుచున్నారు. బ్లీచింగు పౌడరును, నేల కడుగు యాసిడ్డును కలిపినచో విషవాయువు పుట్టి ప్రాణమునకే ముప్పు. తెలిసినది చేయుట పొదుపు. తెలియనిదానిని చేయబూనుట సాహసము.

ఇక ధర్మవిచారము. మా బాల్యమున జరిగిన ఒక చిన్న సంఘటన ఈ విషయమును నాకు బోధించినది. మా ఊరి కోవెల గుమ్మమున ఒక వృద్ధురాలు వత్తుల కట్టలు అమ్ముకొని జీవించెడిది. ధనుర్మాసమునకు మా యింట వత్తులు ఆమె వద్దనే కొనుట వాడుక. ఒక యేడు మా తల్లిగారు ఇంటనే వత్తులు చేయ సంకల్పించిరి. ఆ విధముగ మిగిలిన డబ్బులను ఏ రోజున కా రోజు పసుపుగుడ్డలో వేసి, ఏడుకొండలవానికి ముడుపు కట్టుచుండిరి. ఇంటిల్లిపాదియు ఆమె పొదుపును మెచ్చుకొంటిమి.

పది దినములు గడచినవి. తెల్లవారుజామున తిరుప్పావై సేవకు పోవుచుండగా ఆ వృద్ధురాలు మా తల్లిగారిని పలుకరించి, “అమ్మా! ఈ యేడు మీ యింట దీపము పెట్టుట లేదా? ఎవరికైనను ఒంట్లో బాగులేదా?” అని అడిగెను. ఆ ప్రశ్నలో నిష్ఠూరము లేదు. నిజముగనే మా క్షేమమును గూర్చి ఆమె బెంగపడినది. మా తల్లిగారికి నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చి, ముడుపు విప్పి ఆ డబ్బు ఆమెకు ఇచ్చివేయుదునా యని మా నాయనమ్మను అడిగిరి. “స్వామికని కట్టినది విప్పరాదమ్మా! ఇచ్చునదేదో నీ వంతులోనుండి ఇమ్ము” అని నాయనమ్మ చెప్పినది. మఱునాటినుండి మా తల్లిగారు మధ్యాహ్నపు కాఫీ మానివేసిరి. ఆ డబ్బుతో వత్తుల కట్టలు కొనసాగిరి. ఇంట చేసిన వత్తులు పెరుమాళ్ళ దీపమునకు, కొన్న వత్తులు తులసికోటకు. ఆ నెల మా యింట రెండు దీపములు వెలిగినవి.

చాలకాలమునకు గాని ఆ మాటలోని లోతు నాకు తెలియలేదు. మొదట మా యింట మిగిలినది ఆ వృద్ధురాలి కూటినుండి మిగిలినది. తరువాత మిగిలినది మా తల్లిగారి సుఖమునుండి మిగిలినది. రెండును కాసులే; రెండింటి విలువయు ఒక్కటి కాదు. పొదుపు చేయు ప్రతి గృహస్థుడును ముందుగా తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ఇది: ఈ మిగులు ఎవరి విస్తరినుండి వచ్చినది?

ఆ విస్తరి మన యింటిలోనిదే కావచ్చును. సున్నిపిండి ఇంట చేసినచో ఇంత మిగిలినదని లెక్క వ్రాయువాడు యజమానుడు. పెసలు ఎండబెట్టి, విసరి, జల్లించినది ఇల్లాలు. ఆమె శ్రమకు ఆ లెక్కలో స్థానము లేదు. ఉచితముగ వచ్చినదని మనము తలంచునది ఒకరి నడుమునొప్పి కావచ్చును. ఇచ్చట అనంతాళ్వానుల చరిత్ర స్మరింపదగినది. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి ఆ మహనీయుడు తిరుమలకు వచ్చి, స్వామి పుష్పకైంకర్యమునకై తోట వేసి, చెఱువు త్రవ్వెను. త్రవ్వునది ఆయన, మట్టి మోయునది గర్భవతియైన ఆయన ధర్మపత్ని. పరుల సాయమును ఆయన స్వీకరింపలేదు. కూలి మిగులునని కాదు. కైంకర్యము తమ చేతులతోనే జరుగవలెనని ఆయన దీక్ష. అయినను ఆ తల్లి అలసటను శ్రీనివాసుడు చూచెను. బాలుని రూపమున వచ్చి ఆమె తట్టను తాను మోసెను. అది తెలిసి అనంతాళ్వానులు కోపించి గునపమును విసరగా అది స్వామి గడ్డమునకు తగిలినది. నేటికిని స్వామి గడ్డమున అలదు పచ్చకర్పూరము ఆ గాయమునకు జ్ఞాపకమని సంప్రదాయము. భర్త దీక్షలో మునిగి చూడలేని శ్రమను భగవంతుడు చూచెనను అంశము ఈ కథలో మనకు ముఖ్యము. ఇంట వస్తువులు చేయదలచినవారు పురుషులైనను, పిల్లలైనను, తట్టకు ఒక చేయి వేయవలెను.

రెండవ ప్రశ్న: ఈ మిగులు ఎచ్చటికి పోవుచున్నది? శ్రీమద్భాగవత సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మమును చెప్పుచు, కడుపు నిండునంత మాత్రమే దేహికి స్వంతమనియు, అంతకు మించినది నాదనువాడు దొంగయై దండనకు పాత్రుడనియు హెచ్చరించెను. మాట కఠినమే. పొదుపు చేసితినను గర్వమున్నవాని చెవిని ఇది పడవలసినదే. నేడు ఇంత సంపాదించితిని, రేపు ఇంకను ఇంత నాదగునను చింతను గీతాచార్యుడు పదునారవ అధ్యాయమున ఆసురసంపదలో చేర్చెను. కాసు కాసు కూడబెట్టి, ఆ కాసులనే లెక్కించుకొనుచు నిద్రించువాడు ఎంత తక్కువ ఖర్చుతో జీవించినను విరాగి కాజాలడు.

మరి సంసారికి దాచుకొనుటయే తగదా? అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఒక విభాగమును చెప్పెను. ధర్మమునకు, కీర్తికి, మరల ధనార్జనకు, అనుభవమునకు, తనవారికి అని విత్తమును అయిదు భాగములు చేసినవాడు ఇహపరములందు సుఖించునని దాని సారము. వామనునకు దానము చేయకుండ బలిని ఆపుటకై పలికిన మాటలలోనిదియైనను, ఈ విభాగము సామాన్య గృహస్థునకు ఉపకరించునదే. పిల్లల చదువునకు, రోగమునకు, వార్ధక్యమునకు దాచుట దోషము కాదు. ధర్మమునకు చెందిన భాగమును కూడ మన పెట్టెలోనే ఉంచుకొనుట దోషము. బలి ఆ లెక్కను దాటి సర్వమును అర్పించెను. మనము అంతటివారము కాము. అయిదింట ఒక పాలైనను మఱువకుందుము గాక!

కావున ఇంట కుంకుడుపులుసు కాచుకొనుడు, సున్నిపిండి విసరుకొనుడు, వత్తులు చేసికొనుడు. నెల చివర మిగిలినదానిని లెక్కించుటకు ముందు, దీనివలన ఎవరి జీవనోపాధికైనను లోటు కలిగినదా యని చూడుడు. కలిగినచో కుంకుడుకాయలనో, ప్రత్తినో వారి వద్దనే కొనుడు. బేరము చేయక కొనుడు. ఇంట శ్రమించినవారికి విశ్రాంతి నిండు. పిమ్మట ఒక పాలు పసుపుగుడ్డలో ముడువుడు. ఆ ముడుపు స్వామి హుండికి చేరినను, ఆకలిగొన్న అతిథి విస్తరికి చేరినను స్వామికే చెందును.

ఇంట చేసిన వత్తి, కొన్న వత్తి ఒకే తీరున వెలుగును. వెలుతురును చూచి భేదము చెప్పజాలము. అది ఎవరి చేతులమీదుగ, ఎవరిని బాధింపక వచ్చినదో అంతర్యామియైన శ్రీనివాసునకు తెలియును. ఆయన కృపచే మన గృహములందు మితవ్యయమును, మన హృదయములందు ఔదార్యమును కలసి వర్ధిల్లుగాక!

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.