మళ్ళీ కూతకు పంపవచ్చునా?



ఒకనాటి ఆదివారం పూజ ముగిసి బయటకు వస్తుంటే, మా ముత్తుకూరు దేవాలయం ముంగిట ఒక తల్లి నా కోసం కాచుకొని ఉంది. పట్టపుపాలెం మనిషి. భర్త సముద్రం మీద వేటకు పోతాడు, ఆమె చేపల గంప మోస్తుంది. వాళ్ళ అబ్బాయి హైస్కూల్లో నా దగ్గర చెడుగుడు నేర్చుకున్నవాడే. నెల్లూరులో ఒక కళాశాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, కళాశాల కబడ్డీ జట్టులో మొదట కూతకు వెళ్ళేవాడు.

"సారూ, మావాడు హాస్టల్లో ఎవరో చిన్న పిల్లోణ్ణి కొట్టాడంట. కాలేజీలోంచి పంపించేస్తామంటుండారు. పదైదు రోజుల్లో పెద్ద ఆటలుండాయంట. మీరొక ముక్క రాసిస్తే వాళ్ళు వింటారు" అంది.

"ఏం జరిగిందమ్మా?" అన్నాను.

"ఏమో సారూ, పిల్లోళ్ళు గదా, ఏదో చెయ్యి జేసుకోనుంటాడు."

నేను అంతకు మించి అడగలేదు. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. బీద కుటుంబమని, సత్ప్రవర్తన కలవాడని, గొప్ప భవిష్యత్తు ఉన్న క్రీడాకారుడని, రెండో అవకాశం ఇవ్వడం పెద్దల ధర్మమని రాశాను. 'రెండో అవకాశం' అనే మాట రెండుసార్లు వాడినట్టు గుర్తు. దెబ్బ తిన్న పిల్లవాడి గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదు. వాడి పేరు కూడా నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు ఆటస్థలంలో ఈల ఊదిన నేను, ఎదుటి జట్టు ఒకటుంటుందని మరచిపోయి తీర్పు చెప్పానన్నమాట.

ఆ ఉత్తరం పని చేసింది. అదే నా బాధ. విచారణ ఆటలయ్యాక చూద్దామన్నారు. మావాడు ఆడాడు, జట్టు కప్పు గెలిచింది, డప్పులతో ఊరేగించుకుంటూ హాస్టలుకు తెచ్చారు. ఆ రాత్రే చిన్నవాడు పెట్టె సర్దుకొని ఇంటికి వెళ్ళిపోయాడు. తర్వాత విచారణకు కూర్చుంటే ఫిర్యాదు చేసినవాడే లేడు. 'నిరూపణ కాలేదు' అని రాసి కాగితాలు కట్టేశారు.

ఈ 'నిరూపణ కాలేదు' అన్న మాట గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. మన తెలుగు నేల మీద దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. మహమ్మద్ అజహరుద్దీన్ హైదరాబాదులో మోంట్‌ఫోర్ట్ సహోదరులు నడిపే ఆల్ సెయింట్స్ పాఠశాలలో చదివి, నిజాం కళాశాల నుండి పైకి వచ్చిన ఆటగాడు. 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టుతో రంగప్రవేశం చేసి, మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు కొట్టాడు. ఆ మణికట్టు విరుపు చూసి నా తరం డ్రిల్లు మాస్టర్లందరం పిల్లలకు బ్యాటు పట్టుకోవడం నేర్పే పద్ధతే మార్చుకున్నాం. 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికా మీద 102 పరుగులు చేశాడు. అది ఆయన 99వ టెస్టు. నూరవది రాలేదు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చాయి. సి.బి.ఐ. నివేదిక, ఆపై బోర్డు తరఫున కె. మాధవన్ విచారణ జరిగాక, 2000 డిసెంబరులో బోర్డు జీవితకాల నిషేధం విధించింది. ఆయన న్యాయస్థానానికి వెళ్ళారు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టం ముందు నిలవదని కొట్టివేసింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. ఆ వయసులో తీర్పు అనుకూలంగా వస్తే మాత్రం ఏ బ్యాటు పట్టుకుంటాడు?

ఆయనకు రెండో అవకాశాలు రాలేదా అంటే వచ్చాయి. తీర్పు రాకముందే 2009లో మొరాదాబాదు ప్రజలు పార్లమెంటుకు పంపారు. 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యారు. అయినా 2018లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆట మొదలుపెట్టే గంట మోగించడానికి ఆయనను పిలిస్తే, భారత జట్టుకు ఆడిన గౌతం గంభీర్ బహిరంగంగా ఆక్షేపించాడు. పద్దెనిమిదేళ్ళు గడిచినా ఇంతే. ఆయన తప్పు చేశారని నేను అనడం లేదు, అనే హక్కు నాకు లేదు. చేయలేదని తేల్చి చెప్పగల స్థితిలో ఆయన అభిమానులమూ లేము. చట్టం ముందు నిలిచే తీరులో, త్వరగా, అందరికీ వినపడేలా విచారణ జరగకపోతే నిర్దోషికీ దోషికీ ఒకటే గతి పడుతుంది. నిర్దోషి అయితే అతనికి కావలసింది రెండో అవకాశం కాదు, లాక్కున్న మొదటి అవకాశమే. దోషి అయితే పశ్చాత్తాపపడడానికి చోటే మిగలదు. ఒప్పుకుంటే కేసు పోతుంది గదా!

ఇంకో యువకుడి సంగతి చూడండి. 2010 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో డబ్బు కోసం కావాలని నోబాల్స్ వేసిన కేసులో దొరికిన పాకిస్తాను బౌలర్ మహమ్మద్ ఆమిర్‌కు అప్పుడు 18 ఏళ్ళు. మన కళాశాలల్లో మొదటి సంవత్సరం పిల్లవాడి వయసు. అయిదేళ్ళ నిషేధం పడింది. లండన్ న్యాయస్థానంలో తప్పు ఒప్పుకున్నాడు, ఆరు నెలల శిక్ష వేశారు. నిషేధం తీరి 2016లో మళ్ళీ దేశం తరఫున ఆడాడు. 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్, కోహ్లీ, ధావన్‌లను వరుసగా పంపి మనల్ని ఏడిపించింది అతడే. కాని అతణ్ణి తిరిగి శిక్షణ శిబిరానికి పిలిచినప్పుడు హఫీజ్, అజహర్ అలీ అనే ఇద్దరు సహచరులు అతనితో కలిసి ఉండలేమని మొదట మొరాయించారు. వాళ్ళది కఠిన హృదయమని నేననుకోను. మోసపోయినవాళ్ళు వాళ్ళు. అడగవలసిన ప్రశ్న అడిగారు. శిక్ష పూర్తిగా అనుభవించినవాడు గనుక అతను వచ్చాడు, వాళ్ళూ చివరకు సర్దుకున్నారు.

మన విశ్వాసం క్షమాపణ మతం గదా, ఇంత లెక్క ఎందుకని కొందరు అడుగుతారు. ఇలాంటి సందర్భంలో వెంటనే తప్పిపోయిన కుమారుని కథ ఎత్తుతారు. నేనూ ఆ ఉత్తరంలో ఎత్తాను. కాని ఆ కుమారుడు పోగొట్టింది తండ్రి తనకు పంచి ఇచ్చిన భాగాన్ని. ఎవరి చెవి మీదా కొట్టలేదు. క్షమించిన తండ్రే నష్టపోయినవాడు కూడా. కళాశాల ప్రిన్సిపాలు గాని, డ్రిల్లు మాస్టరు గాని ఆ తండ్రి స్థానంలో కూర్చోవడానికి వీలు లేదు. మన మీద పడని దెబ్బను మనం ఎలా క్షమిస్తాం? జక్కయ సంగతి దీనికి దగ్గర. ఎవరినైనా మోసగించి ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని అతను తన నోటితోనే చెప్పాడు. పాపసంకీర్తనంలో గురువులు పాపవిమోచనం ఇచ్చినా, దొంగిలించిన సొమ్ము వెనక్కి ఇచ్చే బాధ్యత తీరిపోదని మన జ్ఞానోపదేశంలో చిన్నప్పుడే నేర్చుకున్నాం.

పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువుల మీద 1981 మే 13న తుపాకి పేల్చిన ఆగ్జాను ఆయన ఆసుపత్రి మంచం మీది నుండే క్షమించారు. 1983 డిసెంబరులో జైలు గదికి వెళ్ళి పక్కన కూర్చొని మాట్లాడారు. ఆ ఫోటో మా తరం ఇళ్ళలో చాలామంది దాచుకున్నారు. మాట్లాడి ఆయన వెనుదిరిగి వచ్చారు, ఆగ్జా జైల్లోనే ఉన్నాడు. ఇటలీ ప్రభుత్వం అతనికి క్షమాభిక్ష పెట్టింది 2000లో. క్షమాపణ ఒకటి, తలుపు తెరవడం ఒకటి. రెంటికీ మధ్య పంతొమ్మిదేళ్ళు పట్టింది.

అలాగని తలుపు ఎప్పటికీ తెరవకూడదా? అపోస్తలుల కార్యములలో ఒక తగాదా ఉంది, దాని మీద ప్రసంగాలు అరుదుగా వింటాం. మార్కు అని పిలిచే యోహాను మొదటి వేదప్రచార యాత్రలో పంఫీలియాలో జట్టును వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. మరుసటి యాత్రకు అతణ్ణి తీసుకుపోదామని బర్నబా అంటే, కుదరదని పునీత పౌలు అన్నారు. మాట మాట పెరిగి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకొని సైప్రసు వెళ్ళాడు, పౌలు సిలాసును తీసుకొని వేరే దారి పట్టారు. జట్టు ఎంపిక చేసి చేసి ఉన్నవాణ్ణి గనుక పౌలుగారినే తప్పు పట్టలేను. నడి ఆటలో వెళ్ళిపోయినవాణ్ణి వెంటనే రెండో ఆటకు దింపితే, నిలబడి ఆడినవాళ్ళకు ఏం చెబుతాం? అయితే బర్నబా లేకపోతే మార్కు ఏమయ్యేవాడో కూడా ఆలోచించాలి. ఎన్నో ఏళ్ళ తర్వాత, మార్కును వెంటబెట్టుకు రమ్మని, అతను తనకు ఉపయోగపడతాడని తిమోతికి రాసింది ఆ పౌలుగారే. అవకాశం దొరికింది గాని, అదే యాత్రలో కాదు, అదే రోజున కాదు.

నేను అడిగిందల్లా అదే రోజు, అదే ఆట. పదిహేను రోజుల్లో టోర్నమెంటు ఉందని. ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ కుర్రవాడు జట్టుకు పనికిరానివాడై ఉంటే ఆ కళాశాలలో ఎవరూ రెండో అవకాశం అనే మాటే ఎత్తేవారు కాదు. హాస్టల్లో సెల్‌ఫోను దొంగిలించాడని పంపేసిన పిల్లల కోసం నేను ఎన్ని ఉత్తరాలు రాశాను? ఒక్కటీ లేదు. కప్పు తెచ్చేవాడికే మన కరుణ పొంగుతుంటే దాని పేరు కరుణ కాదేమో.

మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఫిర్యాదు వస్తే కళాశాల అధిపతి వెంటనే విచారించాలి. ప్రాథమికంగా నిజమని తోస్తే సస్పెండు చేయాలి. కోర్టులో జైలు శిక్ష పడితే కళాశాల నుండి తొలగించాలి. ఆ చట్టంలో ఆటల పోటీ అయ్యేదాకా ఆగమని ఎక్కడా లేదు. చిన్నవాడు దెబ్బ తిన్నది ఎందుకో తర్వాత తెలిసింది. మావాడి బట్టలు ఉతకనన్నందుకు.

నాకు ఆ సంగతి చెప్పింది మావాడే. సంక్రాంతి సెలవుల్లో ఒడ్డున పడవ పక్కన కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "సారూ, నేనే కొట్టినా. చెవి మీద కొట్టినా. మీరు రాసిన కాగితం ఆఫీసులో నాకు చదివి వినిపించారు. సత్ప్రవర్తన అని ఉండాది. అప్పుడు చెప్దామనుకున్నా, నోరు రాలేదు" అన్నాడు. మంచి మాట కోసం నేను రాసిన ఉత్తరమే వాడి నోరు నొక్కింది.

ఇద్దరం బస్సెక్కి బుచ్చిరెడ్డిపాళెం వైపు ఆ పిల్లవాడి ఊరికి వెళ్ళాం. తండ్రి రైసు మిల్లులో హమాలీ. తల్లి గడపలోనే నిలబడి మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. "మీవోడికి ఆట పోతుందని మీరు రాసిచ్చారంటనే సారూ. మావోడికి చదువే పోయింది. దానికి ఎవరు రాసిస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. చిన్నవాడు లోపలే ఉన్నాడు, బయటకు రాలేదు. మావాడు రొయ్యల గుంటల దగ్గర పని చేసి దాచుకున్న డబ్బు కవరులో తెచ్చాడు. తల్లి తాకలేదు. తండ్రి తీసుకొని లెక్కపెట్టి, చెవి డాక్టరుకు ఇంతకంటే ఎక్కువే అయిందని చెప్పి, జేబులో పెట్టుకున్నాడు. తిరుగు బస్సులో మావాడు నన్ను ఒక్కమాట అడగలేదు.

నేను ప్రిన్సిపాలుకు రెండో ఉత్తరం రాశాను. మొదటిదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, అడగవలసింది అడగకుండా రాశానని. దానికి జవాబు రాలేదు. ఆ చిన్నవాడికి ఫీజు లేకుండా మళ్ళీ సీటు ఇవ్వమని కూడా అందులో కోరాను. అదీ తేలలేదు. ఇప్పుడు గూడూరులో వేరే కళాశాలలో చేర్చే ప్రయత్నం జరుగుతోంది.

కొత్త విద్యా సంవత్సరంలో జట్టు ఎంపికలు మొదలయ్యాయి. ఫిజికల్ డైరెక్టరు కబురు చేశాడని మావాడు వచ్చి, "పోనా సారూ?" అని అడిగాడు. "నన్నడుగుతావేంది అబ్బయ్యా, అడగాల్సింది బుచ్చిలో ఉండాడు" అన్నాను. వాడు ఎంపికలకు వెళ్ళలేదు. నెలకొక ఆదివారం బుచ్చికి వెళ్ళి డాక్టరు ఖర్చు కొంత ఇచ్చి వస్తున్నాడు. నాలుగోసారి వెళ్ళినప్పుడు చిన్నవాడు బయటకు వచ్చి అరుగు మీద కూర్చున్నాడట. ఏమీ మాట్లాడలేదట. దెబ్బ తగిలింది ఎడమ చెవికి. అందుకని కుడి చెవి ఇటు తిప్పి కూర్చున్నాడని మావాడు చెప్పాడు.