భృత్యాచారము - వీధి జీవములు

లింగధారి వీధికుక్కను ముట్టవచ్చునా యను ప్రశ్న వీరశైవ గృహములలో నేటికిని వినబడుచుండును. తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని ఇంటి యువకుడు టీకా వేయించుటకై వీధికుక్కను పట్టుకొని వచ్చినచో, పెద్దలు వానిని గడప వెలుపలనే నిలిపి "ఎదమీద లింగము నుంచుకొని ఇదేమి పనిరా" యందురు. ఆ ప్రశ్న భక్తి నుండి పుట్టినదే. కావున దానిని నవ్వి త్రోసివేయరాదు, సమాధానము చెప్పవలెను.

శివశరణుల చరిత్రలలో హావినహాళ కల్లయ్యగారి కథ కలదు. వేదము వినుటకు నీకు అర్హత లేదన్నవారి యెదుట ఆయన కుక్కచేత వేదము పలికించెనందురు. దీనినొక వింతగా చెప్పుకొని మరచిపోవుట వాడుకయైనది. శివమహిమను చాటుటకు శరణుడు ఎన్నుకొనిన నోరు కుక్కనోరని మాత్రము ఎవరును తలపరు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు అయిదును లింగాంగికి లేవని నిలిచిన మతములో కుక్కను తాకిన చేయి సూతకమెట్లగును? ఇంటికి వచ్చి చేతులు కడుగుకొనవలెను, స్నానము చేసినను మంచిదే. అది శుభ్రత. శుభ్రతను సూతకముతో కలిపి చెప్పుటవలననే ఈ చిక్కంతయు వచ్చినది.

ముట్టుటకు వెనుదీయువారు సైతము అన్నము పెట్టుటకు వెనుదీయరు. పూజ ముగిసిన పిదప వాకిట పిడికెడు అన్నము పెట్టు ఇల్లాండ్రు ఈ పట్టణములలో ఎందరో కలరు. కాని దాసోహమనగా మిగిలినది పారవేయుట కాదు. పంచాచారములలో భృత్యాచారమొకటి కలదు. తాను సేవకుడనను భావముతో లోకమున నడచుకొనుట దాని లక్షణము. మంచి సేవకుడు ఆకలిని చూచినట్లే రోగమునుకూడ చూచును. టీకా లేని కుక్కలను అన్నమాశ చూపి ఒకచోట చేర్చినచో, ఆ సగము సేవ వీధిలోని పసిబిడ్డలకు ప్రమాదమైనను కావచ్చును.

రేబిస్ లక్షణములు బయటపడిన తరువాత బ్రతికి బట్టకట్టినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని అంచనా. అందు మన దేశపు పాలు తక్కువ కాదు. 1885 జూలై 6న పాశ్చర్ మహాశయుడు జోసెఫ్ మైస్టరను బాలునకు టీకా వేయించిన నాటినుండి నివారణమార్గము తెలిసియే యున్నది. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70కి టీకా పడినచో వ్యాధి గొలుసు తెగిపోవునని వైద్యులు చెప్పుదురు. ఆ జూలై 6వ తేదీననే పశువైద్యశాలలలో ఏటేట ఉచిత టీకాలు వేయుచున్నారు. వైద్యుడున్నాడు, మందున్నది, లేనిది కుక్క నమ్మి దగ్గరకు వచ్చు చేయి. అది దినదినము అన్నము పెట్టు ఆ ఇల్లాలి చేయియే గదా! ఇట్టి పనికి పూనుకొనువారు ముందుగా తాము టీకా వేయించుకొనవలెను.

మనుష్యుల ఆరోగ్యము, పశువుల క్షేమము వేరు కావని ఈ తీరము ఒకసారి చూచియున్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో, రేపల్లెకు కృష్ణానది ఆవలి దరిననున్న దివిసీమయందు పదివేలకు పైగా జనులు మరణించిరి. బాపట్ల, రేపల్లె తీరములును దెబ్బతినెను. పశువులు లెక్కకు అందనన్ని కొట్టుకొనిపోయెను. స్వచ్ఛంద సేవకులు మనుష్యుల శవములతోపాటు పశుకళేబరములను సైతము తొలగించిరి. లేనియెడల నీరు చెడి అంటురోగములు ప్రబలును. ఇది మనుష్యసేవయా, పశుసేవయా యని విడదీయుటకు అక్కడ తావులేకపోయెను.

అంతటి విపత్తు రాకున్నను, అంగడివీధిలో ఆంబోతు నిత్యము కనబడుచునే యున్నది. బసవ యను నామమే వృషభ శబ్దము నుండి పుట్టినది. ఆ బసవన్న నేడు ముడివేసిన పాలిథీను సంచిని అందలి కూరతొక్కులతో సహా మ్రింగుచున్నాడు. అది కడుపులో పేరుకొని మేత అరుగక పశువు క్రుంగి చచ్చును. తొక్కులను విడిగా తొట్టిలో వేయుటకు ఏ ఇంటికిని ఖర్చు లేదు.

ఇక మఠములలో జరుపు ఆరోగ్య శిబిరములు. రక్తపుపోటు, చక్కెర చూచి మాత్రలిచ్చి పంపుట పరిపాటి. అక్కడనే కుక్కకాటు మాటయు చెప్పవలెను. గాయమును సబ్బుతో ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. గాయము లోతైనచో టీకాతోపాటు వేయు వేరొక మందు కూడ కలదు. చర్మములో వేయు పద్ధతిలో మొదటి టీకా తరువాత 3, 7, 28వ దినములలో తిరిగి వేయింపవలెను.

చిక్కు ఆ 28వ దినముననే వచ్చును. అప్పటికి గాయము మానియుండును, భయము పోయియుండును, పొలములో పని పిలుచుచుండును. కూలివాని కూలి ఆతని కాయకము. దానిని మానుకొమ్మని చెప్పుట తేలికయే, మానుకొనుట తేలిక కాదు. దాసోహనిధి నుండి ఆనాటి కూలి ఇచ్చి, వైద్యశాలకు తోడుగా ఒక యువకుని పంపుట ఏ మఠమునకైనను శక్యమైన పనియే. కాటుపడినవారి పేర్లు, టీకా దినములు వ్రాసియుంచుటకు ఒక పుస్తకము చాలును.