ఆల్చిప్ప చేయు తీర్థసేవ



స్వాతికార్తెలో కురిసిన చినుకు ఆల్చిప్పలో పడి ముత్యమగునని పెద్దలు చెప్పుదురు. సజ్జనసాంగత్య మహిమను తెలుపుటకు ఇది చక్కని ఉపమానము. అయితే ముత్యమును కొనియాడు మనము, దానిని కన్న జీవిని గూర్చి ఎన్నడైనను తలంచితిమా?

మన నదులలోను, కాలువలలోను, ఊరి చెరువులలోను మంచినీటి ఆల్చిప్పలు కలవు. వెనుకటి గృహిణులు ఆల్చిప్ప నడుమ రంధ్రము చేసి, దానితో మామిడికాయ చెక్కు తీసెడివారు. గుల్లలను కాల్చి సున్నము చేసెడివారు. వస్తువును అందరు ఎరుగుదురు; దాని జీవితమును ఎరిగినవారు కొలదిమంది.

ఆ జీవికి తల లేదు. మొరపెట్టుకొనుటకు స్వరము లేదు. ఇసుకలోనో ఒండ్రులోనో సగము మునిగి, ఒక మార్గమున నీటిని లోనికి తీసికొని, అందలి నాచురేణువులను, సూక్ష్మజీవులను ఆహారముగ గ్రహించి, తేటనీటిని వేరొక మార్గమున విడుచును. ఇట్లు ఒక్కొక్కటి దినమునకు అనేక లీటర్ల నీటిని వడగట్టును. మనము తీర్థమని శిరమున చల్లుకొను నీటికి ఇది మౌనముగ సేవ చేయుచున్నది.

దీని పుట్టుక మరింత విచిత్రము. తల్లి విడిచిన సూక్ష్మమైన పిల్లలు చేప మొప్పలనో వాజములనో పట్టుకొని కొంతకాలము గడిపి, రూపము దాల్చిన పిదప జారి నది అడుగునకు చేరును. చేప దొరకని పిల్ల నశించును. ప్రళయజలములలో సత్యవ్రతుని నావ మత్స్యమూర్తి కొమ్మునకు కట్టబడి తరించిన కథను భాగవతము అష్టమస్కంధమున వినియున్నాము. ఏటి అడుగున ఈ చిన్నిప్రాణియు మత్స్యమునే ఆశ్రయించి తరించుచున్నది!

ఈ ఆశ్రయము నేడు సడలుచున్నది. ఇసుకను తోడివేసినచో దాని ఇల్లు పోవును. అడ్డుకట్టల వలన చేపల రాకపోకలు నిలిచినచో దాని సంతతి పోవును. మురుగు, పురుగుమందులు దాని ప్రాణమునే తీయును. అమెరికా ప్రభుత్వము 2023లో ఎనిమిది జాతుల మంచినీటి ఆల్చిప్పలు అంతరించినవని ప్రకటించెను. యూరపు నదులలో నూరేండ్లకు మించి జీవించు ముత్యపుచిప్ప యొకటి కలదు. దానిని చంపుట బ్రిటనులో నేరము.

“అల్పజీవికై ఇంత ప్రసంగమా?” యని కొందరు అడుగవచ్చును. స్వామి కరమున వెలయు పాంచజన్యము గుల్లయే కదా! గండకీనదిలో లభించు సాలగ్రామములలో పెక్కు, కోట్ల సంవత్సరముల క్రితము సముద్రమున జీవించిన గుల్లజీవుల శిలారూపములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అవి ఆల్చిప్పకు దూరపు జ్ఞాతులు. సర్వభూతాంతర్యామికి అల్పమేది, అధికమేది?

నా తప్పును చెప్పుకొనెదను. ఒకప్పుడు గోదావరి రేవున వాడిన పూలమాలలను ప్లాస్టిక్ సంచితో సహా నీట విడిచి, నిర్మాల్యము గంగపాలయ్యెనని సంతోషించితిని. పూలు కుళ్ళిపోయినవి, సంచి కుళ్ళదు. అది ఏ ప్రాణిపై పడియున్నదో నే నెరుగను. కాళియుని మడుగునుండి వెడలగొట్టి యమునను నిర్విషము గావించిన స్వామికి దాసుడనని చెప్పుకొనుచు నేను చేసిన పని అది!

కావున యాత్రికులారా, స్నానఘట్టమున సబ్బును, విడిచిన వస్త్రములను, ప్లాస్టిక్కును నీట కలుపకుడు. నిర్మాల్యమును చెట్టు మొదట చేర్పుడు. చెరువు పూడిక తీయునప్పుడు గట్టున పడిన ఆల్చిప్పలలో ప్రాణమున్నవానిని ఏరి మరల నీట విడువుడు. పిల్లలచే ఆ పని చేయింపుడు; భూతదయకు అంతకు మించిన పాఠము లేదు.

తీర్థము మనలను పవిత్రము చేయును. తీర్థమును కాపాడు భారము మనది. శ్రీమన్నారాయణుడు మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక!